ఫైళ్లకు చెల్లని పేర్లు

విండోస్ వ్యవస్థ గల కంప్యూటరులో క్రొత్త ఫోల్డరు నొకదానిని తెరచి, దానికి సి, ఓ, ఎన్ అను మూడు ఇంగ్లీషు అక్షరములతో ‘కాన్’ అని పేరు పెట్టబోయినచో యంత్రము ఒప్పుకొనదు. పేర్కొనిన పరికరము పేరు చెల్లదు అను అర్థము గల ఇంగ్లీషు వాక్యమొకటి తెరపై కనబడును. పెద్ద అక్షరములతో వ్రాసినను, చిన్న అక్షరములతో వ్రాసినను, రెండును కలిపి మొత్తము 8 విధములలో ఏ విధముగా వ్రాసినను ఫలితమొక్కటే. చివర ఇంకొక అక్షరము చేర్చి ‘కాన్స్’ అన్నచో మాత్రము వెంటనే అంగీకరించును.

ఈ చిన్న వింతను పట్టుకొని పెద్ద కథలే బయలుదేరినవి. ఒక భారతీయుడు దీనిని కనిపెట్టెననియు, బిల్ గేట్స్ మొదలుకొని మైక్రోసాఫ్ట్ సంస్థలో ఎవ్వరును కారణము చెప్పలేకపోయిరనియు ఒక సందేశము ఈ-మెయిళ్లలో చాలకాలము చేతులు మారినది. చిన్ననాట గేట్స్‌ను తోటివారు ఆ పేరుతో ఎగతాళి చేసిరి గనుక అతడు దానిని నిషేధించెనని మరియొక కథ. ఈ రెండును కల్పనలే. కారణము రహస్యము కాదు. ప్రోగ్రాములు వ్రాయువారి కొరకు మైక్రోసాఫ్ట్ వారు ప్రకటించిన సూచనలలోనే చెల్లని పేర్ల జాబితా ఉన్నది.

తెరపై కనబడు వాక్యములో ‘పరికరము’ అను మాట ఉండుటయే అసలు ఆనవాలు. ఫోల్డరునకు పేరు పెట్టబోయిన వానితో పరికరము ప్రసక్తి ఎందుకు? ఈ ప్రశ్నను పట్టుకొని పోయినచో కథ తేటపడును. అయితే కారణము తెలిసినంత మాత్రాన విచారణ ముగియదు. ఆ ఏర్పాటు అవసరమైనదేనా, అవసరమునకు మించి పోయినదా, దాని ఖర్చును ఎవరు భరించిరి అనునవి కూడ తేల్చవలసిన విషయములే.

పేరు చెప్పినచో పలుకు పరికరములు

కంప్యూటరులోని భాగములన్నింటిని నడిపించు మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. డిస్కుపై ఫైళ్లను భద్రపరచుట, కీబోర్డుపై కొట్టిన అక్షరములను గ్రహించుట, ప్రింటరునకు పంపవలసిన దానిని పంపుట దాని పనులే. ఈ మూడును మొదట వేరువేరు పనులుగానే కనబడును. కాని ఆలోచించి చూచినచో మూడింటిలోను జరుగునది ఒక్కటే: అక్షరములు ఒకచోట నుండి బయలుదేరి మరియొక చోటికి చేరుచున్నవి. అట్లయినప్పుడు ఫైలునకు ఒక పద్ధతి, ప్రింటరునకు మరియొక పద్ధతి ఎందుకు? పరికరమునకు కూడ ఫైలువలెనే ఒక పేరు పెట్టినచో ఒకే ఉత్తరువుతో రెండు పనులును నెరవేరును.

ఈ ఊహ ఎంతో చక్కనిది. దీని ఫలమే ఆ జాబితా. కాన్ అనగా కన్సోలు, అనగా కీబోర్డు, తెర కలిసిన జంట. పి.ఆర్.ఎన్. అనగా ప్రింటరు. ఆక్స్ అనగా సహాయక పరికరము, సామాన్యముగా మొదటి సీరియల్ పోర్టు. నల్ అనగా శూన్యము. దానికి పంపినదంతయు మాయమగును. వీటికి తోడు కామ్ 1 నుండి కామ్ 9 వరకు సీరియల్ పోర్టులు, ఎల్.పి.టి. 1 నుండి ఎల్.పి.టి. 9 వరకు ప్రింటరు పోర్టులు. అన్నియు కలిసి 22 పేర్లు.

డాస్ వ్యవస్థ వాడిన రోజులు తెలిసిన ఉపాధ్యాయులకు వీటి సౌకర్యము గుర్తుండును. నకలు తీయు ‘కాపీ’ ఉత్తరువులో గమ్యము పేరుగా పి.ఆర్.ఎన్. అని వ్రాసినచో ఫైలులోని విషయము కాగితముపై అచ్చగును. మూలము పేరుగా కాన్ అని వ్రాసినచో కీబోర్డుపై కొట్టినదంతయు ఫైలులో చేరును. చిన్న ఫైలునొకదానిని తయారు చేయుటకు వేరే ప్రోగ్రాము అవసరమే లేదు.

ఇందులోని చిక్కును ఒక ఉపమానముతో గ్రహింపవచ్చును. ఒక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు కాగితములపై పేరు వ్రాసి ప్యూను చేతికి ఇచ్చునని అనుకొనుడు. ‘రామారావు’ అని ఉన్నచో ఆ పిల్లవానికి, ‘ఆఫీసు’ అని ఉన్నచో ఆఫీసు గదికి ప్యూను దానిని చేర్చును. ఏర్పాటు సులభముగా ఉన్నది. కాని ఆ బడిలో ‘ఆఫీసు’ అను పేరు గల పిల్లవానిని చేర్చుకొనుటకు వీలులేదు. చేర్చుకొన్నచో వానికి వ్రాసిన చీటీ ఒక్కటియు వానికి చేరదు. మనుష్యులకు, గదులకు ఒకే పేర్ల పట్టిక వాడుట వలన వచ్చిన నిర్బంధమిది.

కోలన్ గుర్తు పోయిన విధము

ఈ నిర్బంధమును తప్పించుకొను ఉపాయము పాతవారికి తెలియనిది కాదు. అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థవారి యంత్రములలో పరికరము పేరు చివర కోలన్ గుర్తు, అనగా నిలువుగా రెండు చుక్కలు, ఉంచుట ఆచారము. చుక్కలున్నచో పరికరము, లేనిచో ఫైలు. 1974లో గ్యారీ కిల్డాల్ చిన్న కంప్యూటర్ల కొరకు వ్రాసిన సి.పి.ఎం. అను వ్యవస్థలో కూడ నకలు తీయు ప్రోగ్రాము కాన్ మొదలైన పరికరములను కోలన్‌తోనే గుర్తించెడిది. పాఠశాల ఉపమానములో చెప్పవలెనన్నచో, గదికి వ్రాసిన చీటీపై ఎఱ్ఱసిరాతో ఒక గీత గీయుట వంటిది. గీత ఉన్నంతవరకు పిల్లవానికి ఏ పేరైనను పెట్టుకొనవచ్చును.

1980లో సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అను సంస్థలో టిమ్ ప్యాటర్సన్ క్రొత్త వ్యవస్థ నొకదానిని వ్రాసెను. సి.పి.ఎం. కొరకు వ్రాసిన ప్రోగ్రాములను సులభముగా మార్చి తెచ్చుకొనుటకు వీలుగా అది సి.పి.ఎం. పోలికలతో తయారైనది. మైక్రోసాఫ్ట్ దానిని 1981లో కొనినది. అదే సంవత్సరము ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరుతో అది డాస్ అను పేరుతో ప్రపంచమునకు పరిచయమైనది. ఈ డాస్‌లో పరికరము పేరు తరువాత కోలన్ పెట్టుట ఐచ్ఛికమైనది. పెట్టినను సరే, పెట్టకున్నను సరే. ఎఱ్ఱగీత లేకున్నను ప్యూను ఆఫీసునకే పోవుననుట.

ఆనాటి పరిస్థితులను గమనించినచో దీనిని తప్పు పట్టుట కష్టము. మొదటి యంత్రముల మెమరీ 16 కిలోబైట్ల నుండి ఆరంభమైనది. డిస్కులో పట్టునది 160 కిలోబైట్లు. ఒక డిస్కుపై 64 ఫైళ్లకు మించి ఉంచుటకు వీలులేదు. ఫోల్డర్లు లేనే లేవు. ఒకే గది బడిలో 64 మంది పిల్లలున్నప్పుడు నాలుగైదు పేర్లు వాడవద్దనుట ఎవరికిని బరువు కాదు. వాడువానికి రెండు చుక్కలు కొట్టు శ్రమ తగ్గినది.

తప్పిపోయిన మలుపు

1983 మార్చిలో డాస్ రెండవ రూపము వెలువడినది. ఈ మారు కంప్యూటరులో హార్డ్ డిస్కు ఉన్నది, ఫైళ్లు పెరిగినవి. అందువలన ఫోల్డర్లను, ఫోల్డరులో ఫోల్డరును ఉంచు ఏర్పాటును ప్రవేశపెట్టిరి. ఈ ఏర్పాటునకు ఆదర్శము 1969లో బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు ప్రారంభించిన యూనిక్స్ వ్యవస్థ. అప్పటికి మైక్రోసాఫ్ట్ సంస్థయే జీనిక్స్ అను పేరుతో యూనిక్స్ రూపాంతరము నొకదానిని అమ్ముచుండెను గనుక ఆ వ్యవస్థ గుణగణములు వారికి బాగుగా తెలియును.

యూనిక్స్‌లో కూడ పరికరములకు ఫైళ్లవలెనే పేర్లున్నవి. ఈ ఏకత్వమును థాంప్సన్, రిచీలు 1974లో ప్రకటించిన తమ ప్రసిద్ధ వ్యాసములో ఒక ముఖ్య గుణముగా వివరించిరి. కాని అక్కడ పరికరముల పేర్లన్నియు ‘డెవ్’ అను ఒక్క ఫోల్డరులో ఉండును. శూన్య పరికరము కావలెనన్నచో డెవ్‌లోని నల్ అని దారి చెప్పవలెను. మరియొక ఫోల్డరులో నల్ అను పేరుతో మామూలు ఫైలు ఉన్నను ఏ తగవును లేదు. ఒక గదిలో ఆఫీసు ఉన్నంత మాత్రాన ప్రక్క గదిలోని పిల్లవాడు పేరు మార్చుకొన నక్కరలేదు.

డాస్ రెండవ రూపమున ఫోల్డర్లు వచ్చినవి గాని పరికరముల పేర్లను ఒక ఫోల్డరులో చేర్చలేదు. పైగా ప్రతి ఫోల్డరులోను ఆ పేర్లన్నియు అదృశ్యముగా ఉన్నట్లు ఏర్పాటు చేసిరి. బడిలో 1 గది పోయి 100 గదులు కట్టగా, ప్రతి గదిలోను ఆఫీసు ఉన్నట్లే ప్యూను భావించుట వంటిది ఇది. ఇంతటితో ఆగలేదు. పేరు తరువాత చుక్క పెట్టి ఏ తోక తగిలించినను అది పరికరమే అయినది. ‘ఆఫీసు’ అన్నను, ‘ఆఫీసు వెంకటేశ్వర్లు’ అన్నను చీటీ ఆఫీసునకే.

విచిత్రమేమనగా సవరణ మార్గము కూడ ఆ రూపములోనే దాగి ఉండెను. వ్యవస్థను అమర్చు ఫైలులో ‘అవెయిల్‌డెవ్’ అను మాట ఎదుట ‘కాదు’ అని వ్రాసినచో, డెవ్ అని ముందు చేర్చినప్పుడు మాత్రమే పరికరముల పేర్లు పనిచేసెడివి. మిగిలిన చోట్ల అవి మామూలు పేర్లయ్యెడివి. దీనిని వాడుకరులకు బాహాటముగా ప్రకటింపలేదు. తరువాతి రూపములలో తొలగించిరి కూడ. మందు అలమరలో ఉండగానే రోగము ముదిరినది.

సమర్థన ఎంతవరకు నిలుచును?

ఈ ఏర్పాటును సమర్థించువారి వాదమును న్యాయముగా వినవలెను. 1981 నుండి 1983 వరకు వ్రాసిన ప్రోగ్రాములకు ఫోల్డరు అనునది తెలియదు. వానిలో ప్రింటరునకు పంపుటకు పి.ఆర్.ఎన్. అను పేరు మాత్రమే ఉండును. క్రొత్త వ్యవస్థలో డెవ్ అను దారి తప్పనిసరి చేసినచో అవి ఒక్కరోజులో మూలపడును. కొనిన ప్రోగ్రాము పనిచేయదని తెలిసినచో క్రొత్త వ్యవస్థను ఎవరు కొందురు?

తోక విషయములోను ఒక కారణమున్నది. ఆనాటి మైక్రోసాఫ్ట్ అసెంబ్లర్ ప్రోగ్రాము తన ఫలితముల పట్టికను ఏ ఫైలులో వ్రాయవలెనని అడుగుచు, నల్ అను పేరునకు తన అలవాటైన తోకను తానే తగిలించి చూపెడిది. పట్టిక అక్కరలేనివారు ఏమియు వ్రాయక మీట నొక్కినచో పట్టిక శూన్యములో కలిసిపోవలెను. తోక ఉన్నది గనుక ఇది పరికరము కాదని వ్యవస్థ పట్టుబట్టినచో అక్కరలేని ఫైలు డిస్కుపై పడును. కనుక తోకను లెక్కచేయకుండుటకు అర్థమున్నది.

ఈ వాదములో బలము కలదు. పాత ప్రోగ్రామును బ్రతికించుట వాడుకరి పెట్టిన సొమ్మును గౌరవించుటయే. కాని ఈ వాదము ఎంతవరకు అవసరమో అంతవరకే నిలుచును. పాత ప్రోగ్రామునకు ఫోల్డరు తెలియదు గదా. అట్టిది ఫోల్డరు దారి చెప్పి పరికరమును ఎన్నడును అడుగదు. కనుక దారి లేని వట్టి పేరు వచ్చినప్పుడు పరికరమనియు, దారితో కూడిన పేరు వచ్చినప్పుడు ఫైలనియు నియమము చేసియున్నచో పాతవి బ్రతికెడివి, క్రొత్తవానికి స్వేచ్ఛ ఉండెడిది. ఫోల్డరు దారితో వచ్చిన పేరును కూడ పరికరముగా పట్టుకొనుట రెండు సంవత్సరముల పాత ప్రోగ్రాముల కోసము కాదు; అది నియమము గీయుటలో జరిగిన అతివ్యాప్తి. 1981 నాటి నిర్ణయము క్షమింపదగినది. 1983 నాటిది విమర్శింపదగినది.

అదే కాలపు మరియొక చిహ్నమును చూడుడు. యూనిక్స్‌లో ఫోల్డరు పేర్ల మధ్య ముందుకు వాలిన గీత ఉండును. డాస్ మొదటి రూపములో ఆ గీతను ఉత్తరువుల షరతులను తెలుపుటకు అప్పటికే వాడియున్నారు. అందువలన ఫోల్డర్లకు వెనుకకు వాలిన గీతను వాడవలసి వచ్చినది. నేటికిని విద్యార్థులు ఏ గీత ఎక్కడ వాడవలెనో తెలియక తికమకపడుట ఆ తొలి నిర్ణయపు వారసత్వమే.

అప్పు తీర్చినవారు

అప్పు చేసి పప్పుకూడు తినుట ఎవరికైనను సులభమే. 1983లో చేసిన ఈ అప్పును తీర్చవలసి వచ్చినవారు వేరు. విండోస్ 95, 98 వ్యవస్థలలో ఒక దారిలో రెండు పరికరముల పేర్లు వెంటవెంట వచ్చినచో, ఉదాహరణకు కాన్ లోపల కాన్ అన్నచో, యంత్రము మొత్తము స్తంభించెడిది. అట్టి దారిని వెబ్ పేజీలోగాని, ఈ-మెయిలులోగాని పొదిగి పంపినచో దానిని తెరచినవాని కంప్యూటరు ఆగిపోవును. భద్రపరచని పని పోవును. మైక్రోసాఫ్ట్ వారు 2000 మార్చిలో దీనికి సవరణ విడుదల చేయవలసి వచ్చినది. కాగితపు పట్టీలు, మోడెములు వాడిన కాలపు పేరు నొకదానిని నిలుపుకొనుట వలన 17 సంవత్సరముల తరువాత ఇంటర్‌నెట్ వాడుకరి దెబ్బతినెను.

లైనక్స్ వ్యవస్థ మూల ప్రోగ్రాములో నూవో అను గ్రాఫిక్స్ భాగమున ఆక్స్ అను పేరు గల ఫైళ్లు ఉన్నవి. అక్కడ అది సహజమైన పేరే. కాని ఆ మూలమును పరిశీలించుటకు విండోస్ యంత్రములో దింపుకొనబోయినవారికి ఆ ఫైళ్ల వద్ద ఆటంకము కలిగినది. ఉపగ్రహముల సాయముతో దారి తెలుపు విద్యలో ఒక్కొక్క ఉపగ్రహపు సంకేతమునకు పి.ఆర్.ఎన్. అను సంక్షిప్త నామమే వాడుక. దానిని చదువు విద్యార్థి తన ఫోల్డరునకు ఆ పేరు పెట్టుకొనుటకు వీలులేదు. చివరకు కామ్ తరువాత మామూలు అంకెకు బదులు గణితములో ఘాతమును సూచించుటకు పైన వ్రాయు చిన్న 1, 2, 3 ఉంచినను ఆ పేర్లు చెల్లవు. అట్టివి ఎల్.పి.టి.తో కలిపి మరి 6, మొత్తము 28.

ఇదంతయు యంత్ర ధర్మము వలన తప్పనిది కాదనుటకు గట్టి నిదర్శనము విండోస్‌లోనే ఉన్నది. 1993లో వెలువడిన విండోస్ ఎన్.టి. లోపల పరికరములకు ప్రత్యేకమైన నామావళి కలదు. డిస్కుపై ఫైళ్లను అమర్చు పద్ధతికి కాన్ అను పేరుతో ఏ విరోధమును లేదు. పాత ప్రోగ్రాముల దారులను అనువదించు పై అంతస్తు మాత్రమే ఆ పేరును పట్టుకొనుచున్నది. దారికి ముందు ఒక ప్రత్యేక గుర్తును ఉంచి ఆ అంతస్తును దాటిపోయినచో కాన్ అను ఫోల్డరు నిక్షేపముగా తయారగును. మరియొక నిదర్శనము: పదవ సీరియల్ పోర్టును తెరచుటకు దాని పేరు ముందు పరికరమని తెలుపు గుర్తును తప్పక చేర్చవలెను. అందువలన ఫైలునకు కామ్ 10 అని పేరు పెట్టుటకు ఏ అభ్యంతరమును లేదు! తొమ్మిదింటి వరకు వచ్చిన చిక్కు పదవదానికి లేదన్నచో, ఆ చిక్కు మొదటి తొమ్మిదింటికిని తప్పనిది కాదన్నమాట. విండోస్ 11లో తోకల నియమమును కొంత సడలించిరి. అయినను ఆ పేర్లను వాడవద్దను హితవు మాత్రము నిలిచియే ఉన్నది.

యూనిక్స్ నిర్దోషియా?

ఇంత మాత్రాన యూనిక్స్ వంశము వారికి గర్వపడు హక్కు లేదు. అక్కడ పేరులో నిషిద్ధమైనవి ముందుకు వాలిన గీతయు, సున్న విలువ గల బైటును మాత్రమే. ఒక చుక్క, రెండు చుక్కలు అను రెండు పేర్లు మాత్రము ఈ ఫోల్డరునకు, దీనిపై ఫోల్డరునకు కేటాయింపబడినవి. కాని స్వేచ్ఛకు కూడ వెల ఉన్నది. అడ్డగీతతో మొదలగు పేరు గల ఫైలును ఉత్తరువులు షరతుగా పొరబడి, చెరపవలసినది వదలి చెరపకూడనిది చెరపవచ్చును. చుక్కతో మొదలగు ఫైళ్లు పట్టికలో కనబడకుండుట కూడ ముందు ఆలోచించి చేసినది కాదని ఆ వ్యవస్థపై పనిచేసినవారిలో ఒకరైన రాబ్ పైక్ 2012లో వ్రాసెను. పైన చెప్పిన ఆ రెండు పేర్లను పట్టికలో చూపకుండుటకు ఎవరో మొదటి అక్షరము చుక్క అవునా కాదా అని మాత్రమే పరీక్షించిరి. ఆ పరీక్షకు చుక్కతో మొదలగు ప్రతి పేరును చిక్కినది. తరువాతివారు దానినే దాగుడు ఫైళ్లకు ఆచారముగా చేసికొనిరి.

కనుక పేర్లను కేటాయించుకొనుటయే దోషమనుట సరికాదు. ఏ వ్యవస్థకైనను తన కొరకు కొన్ని పేర్లు కావలెను. పరీక్షింపవలసినవి మూడు. కేటాయించిన పేర్లు ఎన్ని? అవి ఒక హద్దులో ఉన్నవా, అన్ని చోట్లకు వ్యాపించినవా? మామూలు మనుష్యుడు పెట్టుకొన దగిన పేర్లకు దూరముగా ఉన్నవా? ఈ మూడు పరీక్షలలో చుక్కలు రెండును నిలుచును. వానిని తన ఫైలునకు పేరుగా కోరువాడు ఉండడు. కాన్, ఆక్స్ మొదలైనవి మూడింటిలోను తప్పినవి.

తరగతిలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు ఉపాధ్యాయుడు చేయదగిన పని ఒకటి ఉన్నది. వింత కథకు బదులు ప్రయోగము చూపవచ్చును. విద్యార్థులచే కాన్, కాన్స్, కామ్ 9, కామ్ 10 అను పేర్లతో ఫోల్డర్లు చేయించి, ఏవి చెల్లినవో ఏవి చెల్లలేదో పట్టిక వ్రాయించి, నియమమును వారిచేతనే రాబట్టింపవలెను. యంత్రము కాదన్నప్పుడు అందులో మాయ ఏదియు ఉండదు. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, ఏదో ఒక సౌకర్యము కొరకు చేసిన నిర్ణయమే ఉండును. ఆ నిర్ణయమును తేదీతో సహా వెదకి పట్టుకొనవచ్చును; అది మంచిదా చెడ్డదా అని తూచవచ్చును. ఈనాటి విద్యార్థులలో కొందరు రేపు ప్రోగ్రాములు వ్రాయువారే. రెండు చుక్కలు కొట్టు శ్రమ తప్పించుటకు తాము పెట్టిన పేరు 40 సంవత్సరముల తరువాత ఎవరి పనికి అడ్డుపడునో అని వారు ఒక్కక్షణము ఆలోచించినచో కాన్ కథ చెప్పినందుకు ఫలము దక్కినట్లే.